ముందే వచ్చిన ఆరో ర్యాంకు

నిడదవోలు రైల్వే గేటు దగ్గర జాకెట్లు కుట్టే సత్యవేణికి ఆ వేసవిలో పెద్ద పనే పడింది. కూతురు దేదీప్యను ఎనిమిదో తరగతిలో చేర్చాలి. ఆ పిల్ల ఇన్నాళ్ళూ చదివిన బడి ఏడుతో ఆఖరు. ఊళ్ళో హైస్కూళ్ళు చూస్తే టీ కొట్ల కంటే ఎక్కువున్నాయి. ఎండలు ముదిరేసరికి ప్రతి హైస్కూలూ టై కట్టిన ఒక మనిషిని ఆమె కొట్టు మీదికి పంపింది. వాళ్ళంతా కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళతోపాటు వరసలో నిలబడి, తమ బడిలో ఎన్ని కెమెరాలున్నాయో, ఎన్ని బస్సులున్నాయో అప్పజెప్పి, రంగురంగుల కాగితాలు ఇచ్చిపోయారు. కాగితాలు దళసరిగా ఉన్నాయి కదా అని సత్యవేణి వాటిని జాకెట్టు చేతుల నమూనాలకు కత్తిరించి పెట్టుకుంది.

బడి ఎంచుకోవడానికి ఆమె దగ్గర ఒకే ఒక పరీక్ష ఉంది. భిన్నాన్ని భిన్నంతో భాగించాలంటే కింది దాన్ని తిరగేసి గుణించమని దేదీప్యకు కింది తరగతిలోనే నేర్పారు. "ఎందుకు తిరగెయ్యాలి సార్?" అని పిల్ల అడిగింది. "తిరగేస్తే మార్కులొస్తాయి" అన్నాడు సారు. పిల్ల తిరగేసింది, మార్కులూ వచ్చాయి. ఎందుకన్నది మాత్రం రాలేదు. అప్పట్నుంచి అన్నం తింటూ, జడ వేయించుకుంటూ, బొత్తాలు కుడుతూ అదే ప్రశ్న.

వేరే ఏ తల్లయినా విసుక్కునేదేమో గానీ సత్యవేణి విసుక్కోలేకపోయింది. ఇరవై రెండేళ్ళ కిందట సరిగ్గా ఇదే ప్రశ్న అడిగి ఆవిడ బెంచీ ఎక్కి నిలబడింది. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత మళ్ళీ లెక్కల జోలికి పోలేదు. పదో తరగతి లెక్కల్లో తప్పి, కుట్టు మిషను ముందు కూర్చుంది. తన కూతురు ఆ బెంచీ ఎక్కకూడదన్నది ఆమె పట్టుదల.

"ఇది అడిగినదానికి ఎవరు జవాబు చెప్తే ఆళ్ళ బళ్ళోనే ఏత్తాను" అని మొగుడికి ఖరాఖండీగా చెప్పేసింది.

కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసే చిట్టిబాబు, "నన్నడక్కపోతే అదే పదివేలు" అంటూ నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

తల్లీకూతుళ్ళు కాలికి బలపం కట్టుకుని తిరిగారు. మొదటి బడిలో మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, చల్లటి నీళ్ళిచ్చి, ప్రశ్న విన్నారు. "అది కాన్సెప్టు మేడం. కాన్సెప్టులు మేం శనివారం మధ్యాహ్నం చెప్తాం. శనివారం మధ్యాహ్నం మాకు సెలవు" అన్నారు. రెండో బడిలో ఒకాయన కంప్యూటర్ తెరిచి పది నిమిషాలు వెతికాడు. "గత పదిహేనేళ్ళ పేపర్లలో ఈ ప్రశ్న ఒక్కసారీ రాలేదు. రాని ప్రశ్న మీద పాప ఎనర్జీ ఎందుకు వేస్టు చేస్తున్నారు?" అని తల్లినే మందలించాడు. మూడో బడివాళ్ళు ప్రశ్న మొత్తం శ్రద్ధగా విని, "ఏసీ ఉందండి" అన్నారు.

ఇక మిగిలింది ప్రచండ ప్రజ్ఞా హైస్కూలు. నాలుగంతస్తుల మేడ. గేటు దగ్గర తెల్లమీసాల వాచ్‌మన్ సెల్యూట్ కొట్టి, "ఆయ్, డీన్ గారు లోపలే ఉన్నారండి, ఎల్లండి" అన్నాడు.

డీన్ భీమశంకరం గారు వేసవిలోనూ కోటు విప్పని మనిషి. ఆయన బల్ల మీద పుస్తకం ఒక్కటీ లేదు. బస్సులో సీట్ల పటంలాంటిది ఒకటి పరిచి ఉంది.

"కూర్చోండి మేడం. పాపకి ఎన్నో ర్యాంకు చూస్తున్నారు?"

"అదేంటండీ? ఇంకా ఎనిమిదిలో చేర్చాలి కదండీ."

డీన్ గారు జాలిగా నవ్వారు. "మేడం, ఇతర సంస్థలు ముందు చదువు చెప్పి, పరీక్ష రాయించి, తర్వాత ర్యాంకు ఇస్తున్నాయి. ఈ కాలయాపనను మా సంస్థ తొలగించింది. మేం అడ్మిషన్ సమయంలోనే ర్యాంకు కేటాయిస్తాం. పదో తరగతి, రాష్ట్రస్థాయి."

ఈ ఏర్పాటు ఒక్క రోజులో వచ్చింది కాదు. నాలుగేళ్ళ కిందట, ఫలితాలొచ్చిన రోజు పొద్దున్నే ఊళ్ళో ఉన్న రెండు ఫ్లెక్సీ మిషన్లనూ ఎదుటి స్కూలువాళ్ళు పట్టేసుకున్నారు. ప్రచండ ప్రజ్ఞ వాళ్ళకు బస్టాండు దగ్గరా, ఓవర్‌బ్రిడ్జి మీదా జానెడు చోటు దొరకలేదు. ఆ అవమానంతో మరుసటి ఏడు ఫలితాలకు ముందురోజే ఫ్లెక్సీలు కొట్టించారు. ఎదుటివాళ్ళు ఆ పై ఏడు వారం ముందు కొట్టించారు. వీళ్ళు పరీక్షలకు ముందే కట్టారు. వాళ్ళు దసరాకి కట్టారు. ఇలా ఒకళ్ళనొకళ్ళు వెనక్కి తోసుకుంటూ పోగా పోగా పోటీ అడ్మిషన్ రోజు దగ్గరికొచ్చి ఆగింది. అంతకంటే ముందుకు పోలేమా అని పోయిన మీటింగులో ఎవరో అడిగితే, ప్రసూతి ఆస్పత్రులతో చర్చలు నడుస్తున్నాయని యాజమాన్యం చెప్పిందట.

డీన్ గారు పటం మీద వేలు నడిపించారు. "ఒకటి నిన్ననే బ్లాక్ అయింది. రెండు, మూడు అక్కచెల్లెళ్ళు తీసుకున్నారు, పక్కపక్కనే కావాలన్నారు. నాలుగు బాయ్స్‌కి రిజర్వు. ఐదు మా తాడేపల్లిగూడెం బ్రాంచికి వెళ్ళింది. ఆరు ఇవ్వగలను. ఆరు చాలా మంచిది మేడం. మీ కొట్టు ఎదురుగా ఉన్న స్తంభం ఆరుకే వస్తుంది."

సత్యవేణి తన పరీక్ష మరచిపోలేదు. కూతుర్ని ముందుకు తోసింది. దేదీప్య చేతులు కట్టుకుని అడిగింది.

"సార్, భిన్నాన్ని భాగించేటప్పుడు కింది దాన్ని ఎందుకు తిరగేస్తారు?"

"పాపా, అది తెలిస్తే ర్యాంకు వస్తుందా, రాదా?"

"వస్తుందండి."

"నీకు ర్యాంకు వచ్చేసింది. కాబట్టి అది నీకు తెలిసినట్టే." డీన్ గారు తల్లి వైపు తిరిగారు. "సందేహ నివృత్తి అంటే ఇదీ మేడం."

ఆ మాటలో ఎక్కడో కుట్టు వదిలిందని సత్యవేణికి అనిపించింది. ఎక్కడో వెతికేలోపు డీన్ గారు కంప్యూటర్ ఇటు తిప్పారు. తెర మీద వెలుగు కిరణాల మధ్య పెద్ద ఆరంకె. దాని పక్కన ఖాళీ గుండ్రం. "ఇక్కడ పాప ఫొటో వస్తుంది. కింద కుమారి దేదీప్య అని ఉంటుంది. తల్లి పేరు కూడా వేస్తాం మేడం, మా సంస్థ మాతృమూర్తిని గౌరవిస్తుంది."

తల్లి పేరు! సత్యవేణి పేరు ఇంతవరకూ రేషను కార్డు మీద తప్ప ఇంకెక్కడా అచ్చవలేదు. బెంచీ మీద నిలబడ్డ పిల్లకు ఎవరో వచ్చి, దిగమ్మా అని కుర్చీ వేసినట్టనిపించి, ఆవిడ కళ్ళు తడయ్యాయి. సంతకం పెట్టేసింది. ఏడో తరగతి కాగితాలన్నీ ఇచ్చేసింది.

ఫొటో గదిలో ఫొటోగ్రాఫరు దేదీప్య గడ్డం పట్టుకుని సర్దాడు. "ఆరో ర్యాంకు నవ్వు నవ్వమ్మా. అంత కాదు. పళ్ళు కనపడకూడదు. పళ్ళు ఒకటో ర్యాంకుకే."

సాయంత్రానికి సత్యవేణి కొట్టు ఎదుట కరెంటు స్తంభానికి మూడు మీటర్ల ఫ్లెక్సీ వేలాడింది. ఎడమవైపు చేయి చాచిన డీన్ గారు, నడుమ బానెడంత ఆరంకె, కుడివైపు పెదవులు బిగించిన దేదీప్య. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "త్వరలో" అని ఉంది. దాన్ని చదవాలంటే స్తంభం ఎక్కాలి.

ఆ ఊళ్ళో స్తంభం ఎక్కేవాడు చిట్టిబాబే కాబట్టి చదివి దిగొచ్చాడు. "ఏమే, ఇది పరీక్ష ఎప్పుడు రాసిందే?"

"ఇంకా రాయలేదండీ."

"మరి?"

"వచ్చింది."

చిట్టిబాబు కాసేపు ఆలోచించి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ స్తంభం వైపు చూసి నవ్వేశాడు. సొంత కూతురి మొహం అంత ఎత్తున చూసిన తండ్రి ఇంకేం చేస్తాడు?

వీధివీధంతా కొట్టు మీద పడింది. ఎదురింటి సూర్యకుమారి పూతరేకులు తెచ్చి దేదీప్య నోట్లో పెట్టి, "ఏం తినిపించావే దీనికి? మావాడికీ అదే పెడతాను" అంది. జాకెట్టు బిగుతైందని పోట్లాడ్డానికి వచ్చినావిడ ఫ్లెక్సీ చూసి, ర్యాంకరు తల్లి కుట్టిన జాకెట్టు బిగుతుగానే ఉంటుందని సమాధానపడి వెళ్ళిపోయింది. సత్యవేణి ఉబ్బితబ్బిబ్బయింది. నిజం చెప్పొద్దూ, ఆ నాలుగు రోజులూ ఆవిడ నేల మీద నడవలేదు.

అభినందన సభ కల్యాణ మండపంలో జరిగింది. వేదిక మీద ఇరవై మూడు మంది ర్యాంకర్లు. అందులో ఒకటో ర్యాంకులే నాలుగు, బ్రాంచికొకటి చొప్పున. అధ్యక్షత వహించిన పెద్దమనిషి లేచి, "రాబోయే సంవత్సరాల్లో ఈ చిన్నారులు సాధించిన ఘన విజయాన్ని చూసి నా గుండె పొంగిపోతోంది" అన్నారు. చప్పట్లు మోగాయి. తర్వాత దేదీప్యకు మైకూ, ఒక అట్టముక్కా ఇచ్చారు. అట్ట మీద ఉపన్యాసం అచ్చేసి ఉంది.

"నేను రోజుకు పదహారు గంటలు చదివాను" అని చదివి, పిల్ల ఆగి, మైకు పక్కకు తిప్పి తల్లిని అడిగింది. "ఎప్పుడమ్మా?"

"చదువుతావులేవే. ముందు అది చదివెయ్."

కింద ఒక విలేకరి, "నీ విజయ రహస్యం ఏంటమ్మా?" అని అడిగాడు.

"ఫొటో తీశారండి" అంది దేదీప్య.

వినయం, వినయం అని జనం మురిసిపోయారు.

జూన్ వచ్చింది. బడి తెరిచే రోజుకు సత్యవేణి తన చేత్తోనే యూనిఫాం కుట్టింది. మూడేళ్ళు ఎదిగే పిల్ల కదా అని పావడా అంచు మూడంగుళాలు లోపలికి మడిచింది. ఏడాదికో అంగుళం వదిలేయొచ్చు. కొత్త సంచీ, కొత్త నోటు పుస్తకాలు. లెక్కల నోటు మొదటి పేజీ నిండా పిల్ల ఆ పాత ప్రశ్నే రాసి పెట్టుకుంది.

గేటు దగ్గర వాచ్‌మన్ దేదీప్య మెళ్ళో బంతిపూల దండ వేశాడు. "ఆయ్, పూర్వ విద్యార్థులు ఇటండి" అని మేడ మెట్ల వైపు చేయి చూపించాడు.

"పూర్వ విద్యార్థులేంటండీ బాబూ, ఇవాళే చేరుతుంది కదా!"

"అవునండి. తొమ్మిదింటికి చేరటం, తొమ్మిదింబావుకి వీడ్కోలు, పదకొండుకి పూర్వ విద్యార్థుల సమ్మేళనమండి. భోజనాలు కూడా ఉన్నాయండి."

సత్యవేణి మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. తరగతి గదుల తలుపులన్నీ తీసే ఉన్నాయి. బెంచీలుండాల్సిన చోట చాప చుట్టల్లా ఫ్లెక్సీ చుట్టలు నిలబెట్టి ఉన్నాయి. ఒక గదిలో నలుగురు టీచర్లు నేల మీద కూర్చుని ఫ్లెక్సీల్లో అచ్చుతప్పులు దిద్దుతున్నారు.

"క్లాసులెక్కడండీ?" అని డీన్ గారిని నిలదీసింది.

"దేనికి మేడం?"

"సదువు సెప్పడానికండీ!" కోపం వస్తే సత్యవేణి నోట అచ్చు తన పుట్టింటి మాటే వస్తుంది.

డీన్ గారు కుర్చీలోంచి లేచి తలుపు దగ్గరగా వేశారు. "మేడం, మీరు తల్లి కాబట్టి ఉద్వేగంగా ఉన్నారు. సంస్థాగతంగా ఆలోచించండి. పాప ర్యాంకు ఆరు. ఇప్పుడు పాపని క్లాసులో కూర్చోబెట్టి చదివించామనుకోండి. పొరపాటున ఐదు రావచ్చు. ఐదు గూడెంలో ఇచ్చేశాం. ఏడు రావచ్చు. అప్పుడు ఫ్లెక్సీ మార్చాలి. చదువు వల్ల ర్యాంకు కదిలే ప్రమాదం ఉంది. చదవకపోతే ఆరు ఆరుగానే ఉంటుంది. మీ పాప ర్యాంకుని కాపాడే బాధ్యత మాది."

"మరి మూడేళ్ళయ్యాక పరీక్షండీ?"

"మూడేళ్ళకి జనం కొత్త ఫ్లెక్సీలు చూస్తూ ఉంటారు మేడం. పాతవి ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

ఆయన వీడ్కోలు కానుకగా ఒక గోడ గడియారం, దాంతోపాటు ఒక టీసీ బల్ల మీద పెట్టారు. టీసీలో, కుమారి దేదీప్య ఈ సంస్థలో పదో తరగతి పూర్తి చేసెను, నడవడి తృప్తికరము అని ఉంది. అప్పటికి దేదీప్య ఆ సంస్థలో గడిపింది పదకొండు నిమిషాలు.

"పాప సమ్మేళనంలో తన బాల్య స్మృతులు పంచుకోవాలి" అన్నారు డీన్ గారు. "ఏమైనా గుర్తున్నాయామ్మా?"

దేదీప్య ఆలోచించింది. "వాచ్‌మన్ తాతగారు మంచివారండి. సార్, కింది దాన్ని ఎందుకు తిరగేస్తారు?"

డీన్ గారు ఉలిక్కిపడి కిటికీ కూడా మూశారు. "ఆ ప్రశ్న బయట అడక్కు తల్లీ! ఆరో ర్యాంకరుకి సందేహం వచ్చిందని తెలిస్తే మిగతా ఇరవై రెండు మందికీ అంటుకుంటుంది." గొంతు తగ్గించి సత్యవేణితో అన్నారు. "మేడం, మీరు బాధపడుతున్నారు. అర్థమైంది. నా ప్రత్యేక అధికారంతో ఒకటో ర్యాంకు రిలీజ్ చేస్తాను. ఓవర్‌బ్రిడ్జి మీద కడతాం. మీ పేరు రెట్టింపు సైజు. పాప పళ్ళు కనపడేలా నవ్వొచ్చు."

ఒక్క క్షణం, అబద్ధం ఎందుకు, సత్యవేణి ఆగింది. ఓవర్‌బ్రిడ్జి మీద తన పేరు కళ్ళ ముందు ఊగింది. అప్పుడు దేదీప్య ఆవిడ కొంగు పట్టుకుని లాగింది.

"అమ్మా, ఆరో ర్యాంకుకే అడగొద్దంటున్నారు. ఒకటో ర్యాంకొస్తే ఇంకెప్పటికీ అడగనివ్వరు కదా?"

సత్యవేణికి అప్పుడు అర్థమైంది. ఆ రోజు బెంచీ ఎక్కించి నోరు మూయించారు, ఇవాళ కూతుర్ని స్తంభం ఎక్కించి నోరు మూయిస్తున్నారు. ఎక్కిస్తున్నది తనే. మూడంగుళాల మడత వేసి మరీ తెచ్చి అప్పగించింది. ఆవిడ బల్ల మీది టీసీ తీసుకుంది, గడియారం అక్కడే వదిలేసింది, పిల్ల మెళ్ళో దండ తీసి డీన్ గారి మెళ్ళో వేసింది.

"మీరే సమ్మేళనం చేసుకోండి సారూ. చదువు ముగించింది మీరే" అని మెట్లు దిగిపోయింది.

కొట్టు దగ్గరికొచ్చి మొగుడికి కబురు పెట్టింది. చిట్టిబాబు రెండు మాటల్లో సంగతి విని, నిచ్చెన వేసి ఎక్కాడు. "అసలు స్తంభానికి ఫ్లెక్సీ కట్టకూడదని మాకు రూలుందే. మన పిల్లదని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను" అని తాళ్ళు విప్పి కిందికి వదిలాడు. అదే సమయానికి వాన మొదలైంది. గొడుగు లేదు. తల్లీకూతుళ్ళు ఆ ఫ్లెక్సీనే నెత్తి మీద కప్పుకుని, రైల్వే గేటు దాటి జిల్లా పరిషత్ హైస్కూలు వరండా ఎక్కారు.

అక్కడ హెడ్మాస్టరు బాధ్యతలు చూసేదీ, లెక్కలు చెప్పేదీ లింగమూర్తి మాస్టారే. ఆయన టీసీని రెండుసార్లు చదివి కళ్ళజోడు తుడుచుకున్నారు.

"పదో తరగతి పూర్తయిందని ఉంది. ఎనిమిదిలో చేర్చుకోమంటున్నారు."

"అవునండి."

"పది ఎప్పుడు పూర్తయిందమ్మా?"

"ఎనిమిదిలో చేరిన రోజేనండి" అంది దేదీప్య.

మాస్టారు టీసీ మడిచి బల్ల మీద పెట్టారు. "పది పూర్తయిన పిల్లని ఎనిమిదిలో చేర్చుకోవచ్చని రూలు లేదు. చేర్చుకోకూడదనీ లేదు. రూళ్ళు రాసినవాళ్ళకి ఇంత ఊహ తట్టలేదు. సరే, కూర్చోండి."

"ముందు మీరొకటి చెప్పాలండి" అంది సత్యవేణి. అన్ని బళ్ళలోనూ అడిగిన ప్రశ్న ఇక్కడ అడగాలంటే ఆవిడకు భయం వేసింది. ఈయన కూడా ఏసీ సంగతి ఎత్తితే ఇంక వెళ్ళడానికి బడి లేదు. దేదీప్య నోటు పుస్తకం తెరిచి చూపించింది.

మాస్టారు చదివి, తలెత్తారు. "ఇరవయ్యేళ్ళుగా తిరగెయ్యమని చెప్తున్నాను. ఎందుకని అడిగినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మాటల్లో చెప్తే నా మీద గౌరవంతో ఒప్పేసుకుంటావు, అది వద్దు. మీరు కప్పుకొచ్చిన ఆ ఫ్లెక్సీ ఎంత పొడవుంటుంది?"

"మూడు మీటర్లండి" అంది సత్యవేణి, కొలవకుండానే.

"ముప్పావు మీటరు ముక్కలు ఎన్నొస్తాయి?"

"నాలుగండి."

"ఎలా చెప్పారు?"

"ఏముందండీ, మీటరుకి నాలుగు పావులు. మూడు మీటర్లకి పన్నెండు పావులు. ముక్కకి మూడు పావులు కావాలి కదా, పన్నెండులో మూళ్ళు నాలుగు."

"అంటే మూడుని నాలుగుతో గుణించి, మూడుతో భాగించారు."

"ఆయ్."

దేదీప్య పెదవులు కదిలాయి. వేళ్ళు లెక్కపెట్టాయి. "అమ్మా! ముప్పావు అంటే మూడు బై నాలుగు. నువ్వు నాలుగుతో గుణించి మూడుతో భాగించావు. అంటే నాలుగు బై మూడు. అమ్మా, నువ్వు తిరగేశావు!"

"నేనేం తిరగెయ్యలేదే. గుడ్డ కొయ్యాలంటే అంతేగా."

అని, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా రోజుకు పదిసార్లు చేతులు చేస్తున్న పని అదేనని ఆవిడకు అప్పుడు తెలిసింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి రావడంతో మాస్టారు కంగారుపడి కుర్చీ జరిపారు. ఇరవై రెండేళ్ళ తర్వాత సత్యవేణి ఆ బెంచీ దిగింది.

"నమ్మకం కుదరకపోతే కోసి చూసుకోండి" అన్నారు మాస్టారు.

సంచీలో కత్తెర ఎప్పుడూ ఉంటుంది. వరండాలో ఫ్లెక్సీ పరిచి తడి తుడిచారు. వాన చూస్తున్న పిల్లలంతా చుట్టూ మూగారు. దేదీప్య టేపు పట్టుకుని ముప్పావు ముప్పావు దగ్గర సుద్దతో గీతలు పెట్టింది. మొదటి కోతకు డీన్ గారి చేయి ఒక ముక్కలోకి, కోటు ఇంకో ముక్కలోకి పోయాయి. రెండో కోత ఆరంకెను నడిమికి చీల్చింది. మూడో గీత దగ్గర సత్యవేణి కత్తెర ఆగిపోయింది. గీత సరిగ్గా ఆరో ర్యాంకరు ముక్కు మీదుగా పోతోంది.

"కొంచెం జరిపి కొయ్యనా?"

"జరిపితే లెక్క తప్పుతుందమ్మా. కొయ్యి" అంది దేదీప్య, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ.